ఎడమచేతి రీలు

కోటిలింగం కుడిచెయ్యి పోయిన ఏడు నేను బందరు మున్సబు కోర్టులో కాపీ గుమాస్తాని. ఆదివారం వస్తే సైకిలు మీద మంగినపూడి వెళ్లి సముద్రంలో గాలం వేసుకోవడం నా సరదా. ఏ నీటి రంగుకి ఏ చేప వస్తుందో, అల విరిగే చోటు దాటించి గాలం ఎలా పడేయాలో నాకు నేర్పినవాడు కోటిలింగమే. వాడు నాకంటే రెండేళ్లు చిన్న. అన్నదమ్ములు ముగ్గురికీ కలిపి ఒక పడవ ఉండేది.

ఆ శ్రావణంలో పడవని ఒడ్డుకి లాగుతుంటే పెద్ద అల ఎత్తి కుదేసింది. కోటిలింగం చేతికి చుట్టుకున్న మోకు ఒక్కసారిగా బిగిసింది. ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

వల లాగాలంటే రెండు చేతులు కావాలి. తెడ్డు వెయ్యాలన్నా, చిరిగిన వల బాగుచెయ్యాలన్నా అంతే. అన్నలు మంచివాళ్లే, కొన్నాళ్లు వాడి వాటా వాడికి ఇచ్చారు. తరవాత వాడే పడవ దగ్గరికి వెళ్లడం మానేశాడు. వాడి భార్య అంకమ్మ తెల్లారుతూనే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బందరు బజారుకి నడిచేది. నేను వెళ్లినప్పుడల్లా వాడు గుడిసె ముందు కూర్చుని ఎడమచేత్తో ఇసక తీసి పోస్తూ కనిపించేవాడు.

"ఎలా ఉన్నావురా?" అంటే, "అది వండి పెడతంది, నేను తింటన్నానండి" అనేవాడు.

ఆ రోజుల్లోనే దయానందంగారు ఊరు వదిలి వెళ్లిపోతున్నారని తెలిసింది. ఆయన రేవులో కస్టమ్స్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. కూతురి దగ్గరికి కూనూరు వెళ్తున్నారు. బందరంతటికీ రీలు పెట్టిన రాడ్డుతో చేపలు పట్టేది ఆయనొక్కరే. మేమంతా దారం చేత్తో విసిరి చేత్తో లాగేవాళ్లం. ఆయన మాత్రం రాడ్డు ఒక్క ఊపు ఊపి, పిడి గిరగిరా తిప్పి దారం చుట్టేసేవారు. అది గుర్తొచ్చి ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను.

కోటిలింగం సంగతి చెప్పాను. రాడ్డు మొదలు నడుముకి ఆనించుకుని మొండిచేత్తో అదిమి పట్టుకుంటే, ఎడమచేత్తో రీలు తిప్పుకోవచ్చు కదా అన్నాను. ఆయన లేచి లోపల్నుంచి ఒక రేకుపెట్టె తెచ్చారు. అందులో రెండు రీళ్లున్నాయి.

"ఇది కాలవల్లో కొరమీనుకి, జెల్లకి," అని చిన్నది నా చేతిలో పెట్టారు. గడియారంలా తేలిగ్గా ఉంది. "సన్నదారం ఎక్కించాలి. లోపల పళ్లు చిన్నవి, మొండికేసే చేపని తట్టుకోలేదు. ఆ పెద్దది సముద్రానికి. లావుదారం రెండొందల గజాలు పడుతుంది. చేప గట్టిగా లాగితే బ్రేకు నెమ్మదిగా జారి దారం వదులుతుంది, తెగనివ్వదు. ఒకటి మా మేనల్లుడికి ఇస్తానని మాటిచ్చాను. ఇంకొకటి మీవాడికి తీసుకెళ్లు."

"అయితే పెద్దదేనండీ," అన్నాను వెంటనే.

"దాని పిడి ఎటువైపుందో చూడు."

చూశాను. కుడివైపుంది. చిన్నదానికి ఎడమవైపుంది.

మర్నాడు ఆయన్ని అడిగి పెద్ద రీలు లేత్ మెషీను షాపుకి పట్టుకెళ్లాను. ఆ మేస్త్రి దాన్ని విప్పి, లోపలి చక్రాలు లెన్సుతో చూసి, పిడి అటు నుంచి ఇటు మార్చడం కుదరదన్నాడు. పళ్లన్నీ ఒకవైపు తిరగడానికే కోశారట. మద్రాసులో షాపుకి ఉత్తరం రాశాను. బయటి దేశాల సరుకు రావడం లేదనీ, ఎడమచేతి పెద్ద రీలు తమ దగ్గర లేదనీ జవాబొచ్చింది. దయానందంగారి సామాను అప్పటికే లారీకి ఎక్కుతోంది. లేని చేతికి సరైన రీలు ఇవ్వనా, ఉన్న చేతికి చాలని రీలు ఇవ్వనా అని రెండు రాత్రులు కొట్టుకులాడి, చివరికి చిన్నదే, దాని రాడ్డుతో సహా తీసుకున్నాను.

గేటు దగ్గర దయానందంగారు మళ్లీ చెప్పారు. "సన్నదారమే వెయ్యి. పెద్దది పడితే తెగిపోతుంది, పోనిమ్మను."

ఆ మాట నేను వినలేదు. సముద్రం కదా, సన్నదారం ఒక్క పూట కూడా ఆగదనిపించింది. తెలిసినవాళ్లెవరో మద్రాసు వెళ్తుంటే గట్టి నైలాన్ దారం తెప్పించి, పట్టినంత ఎక్కించాను. అరవై గజాలు కూడా పట్టలేదు.

చెప్పులు కుట్టేవాడి చేత నడుము బెల్టుకి తోలు గూడు ఒకటి, మొండిచేతికి పట్టీ ఒకటి కుట్టించాను. అవి కట్టి, రాడ్డు అందులో నిలబెట్టేసరికి కోటిలింగం మొహం చూడాలి. మొదటిరోజు గాలం వాడి వెనకే పడింది. రెండోరోజు వాడి చొక్కాకే తగులుకుంది. మూడో ఆదివారానికి అల విరిగే చోటు దాటించాడు.

"కుడిచెయ్యి ఉన్నప్పుడు కూడా ఇంత దూరం వెయ్యలేదండీ!" అన్నాడు. ఆ రోజు నాలుగు జెల్లలు పట్టాడు. అంకమ్మ వాటిని అమ్మడానికి తీసుకెళ్లలేదు, అన్నీ పులుసు పెట్టింది. నన్ను కూడా కూర్చోబెట్టి వడ్డించింది. వాడు తింటూ తింటూ మధ్యలో ఆగి రీలుని అంకమ్మ చేత కొంగుతో తుడిపించి పక్కన పెట్టించాడు.

మరుసటి ఏడు కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్నే సముద్రం బురదరంగు తేరి పచ్చబడింది. నేను కొంచెం దూరంలో గాలం వేస్తున్నాను. అంకమ్మ తట్ట పక్కన పెట్టుకుని ఇసకలో కూర్చుంది. కోటిలింగం రాడ్డు ఒక్కసారి విల్లులా వంగింది. రీలు కీచుమంది.

"మాగచేపండీ! పెద్దది!" అని అరిచాడు.

నేను పరుగెత్తాను. దారం ఆగకుండా పోతోంది. బ్రేకు మర బిగిస్తే రీలు లోపల కరకరమంటోంది, వదులు చేస్తే దారం అయిపోతోంది. నేను రాడ్డు మీద చెయ్యి వెయ్యబోయాను.

"ముట్టుకోకండి!" అన్నాడు. "మీరు పడితే మీ చేపండీ అది. నాది కాదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దారం చాలదని వాడు చేప వెంటే సముద్రంలోకి నడవడం మొదలుపెట్టాడు. మోకాళ్లు, నడుము, రొమ్ము దాకా నీళ్లు. నేనూ వెనకే దిగాను కానీ నాకు ఈత అంతంత మాత్రం. ఒడ్డున అంకమ్మ, "వొదిలెయ్యి మావా! వొదిలెయ్యి!" అని అరుస్తోంది. అలల హోరులో వాడికి వినపడిందో లేదో.

రీలు లోపల ఏదో పటుక్కుమంది. పిడి చేతిలో ఊరికే తిరిగింది. పళ్లు అరిగిపోయాయి. సన్నదారమైతే ఆ క్షణంలో తెగి ఊరుకునేది. ఇది తెగలేదు. కోటిలింగం పిడి వదిలేసి, ఇరవై ఏళ్లు చేసిన పనే చేశాడు. దారాన్ని ఎడమచేత్తో పట్టుకుని అరచేతికి రెండు చుట్లు చుట్టాడు.

"వద్దురా!" అని అరిచాను. చేప లాగింది. నైలాను చేతిలోకి కోసుకుపోయింది. చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి. వాడు విప్పుకోవాలన్నా విప్పుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. నన్ను చూశాడు. ఆ చూపు కొయ్యమని అడిగిందో, కొయ్యొద్దని అడిగిందో నాకు ఈనాటికీ తెలియదు. నా మొలలో ఎర కోసుకునే కత్తి ఉంది. తీసి దారం కోసేశాను.

చేప ఒకసారి దూరంగా నీళ్ల మీద మెరిసి పోయింది.

నేనూ, ఎదురొచ్చిన అంకమ్మా పట్టుకుని వాణ్ని ఒడ్డుకి తెచ్చాం. అంకమ్మ పమిట చింపి కట్టు కట్టింది. గుర్రబ్బండిలో బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. గాయం మానింది కానీ మధ్యవేలూ ఉంగరపు వేలూ ముడుచుకోవడం మానేశాయి. ముద్ద కలుపుకుంటే మెతుకులు జారిపోతున్నాయని, అంకమ్మే కలిపి పెట్టేది.

నేను వెళ్లినప్పుడు ఒకసారి చెప్పేశాను. "దయానందంగారు సన్నదారం వెయ్యమన్నారురా. నేనే లావుది ఎక్కించాను."

వాడు గోడ వైపు చూస్తూ, "మీరు మంచికే చేశారు లెండి," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తరవాతి వేసవికి అంకమ్మ తమ్ముడు వచ్చి వాళ్లిద్దర్నీ దివిసీమ తీసుకెళ్లాడు. పాలకాయతిప్ప దగ్గర వాళ్లకి పెద్దవల ఉంది. ఇరవైమంది కలిసి సముద్రంలోకి వల తిప్పి ఒడ్డు మీదికి లాగుతారు. చేపల గుంపు ఎటు వస్తోందో చూడటానికి ఒక మనిషి ఇసకదిబ్బ మీద నిలబడాలి. ఆ పని కోటిలింగానికి ఇచ్చారు. గుంపు కనిపిస్తే మొండిచేతికి కట్టిన గుడ్డ ఎత్తి ఊపాలి.

రెండేళ్ల తరవాత మాఘమాసంలో హంసలదీవి వెళ్లినప్పుడు వాడి కోసం తిప్ప దాకా నడిచాను. ఎండకి ఇంకా నల్లబడ్డాడు. నన్ను చూసి దిబ్బ దిగి వచ్చాడు. అంకమ్మ బాగుందన్నాడు. దయానందంగారి కబురేమైనా తెలుసా అని అడిగాడు. ఆయన కూనూరులో పోయారని చెప్పాను. "అయ్యో, పెద్దమనిషి," అన్నాడు.

మాట్లాడుతూనే తల తిప్పి సముద్రం వైపు చూసి గబగబా దిబ్బ ఎక్కాడు. నాకేమీ కనపడలేదు. "అదుగోండి, నీళ్ల మీద ముదురు మచ్చ. కత్తిపరిగలు. వేలకి వేలు." గుడ్డ ఎత్తి ఊపాడు. వలవాళ్లు అర ఫర్లాంగు దూరంలో పడవ నీడన చద్దన్నాలు తింటున్నారు. ఎవరూ తలెత్తలేదు. గాలి మా వైపే వీస్తోంది. వాడు అరిచాడు. నేనూ అరిచాను. నేను ఇసకలో వాళ్ల వైపు పరుగెత్తాను, కాళ్లు కూరుకుపోతున్నాయి. నేను చేరి చెప్పి వాళ్లు పడవ తోసేసరికి ఆ మచ్చ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి అవతలికి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేసరికి కోటిలింగం దిబ్బ మీద కూర్చున్నాడు.

"రోజూ ఇంతేనండీ," అన్నాడు. "నాకు కనపడతాయి."