సంతోషమ్మ దరువు

జంగప్ప మూడేళ్ల తర్వాత గోడ మీది డప్పు దించాడని తెలిసి వాడంతా సంబరపడింది. ముసలాయన మనసు మెత్తబడిందనుకున్నారు. మెత్తబడలేదు. బామ్మర్ది వెంకటేశం తలను తాండూరులో పదిమంది ముందు వంచడానికే దించాడు.

జంగప్ప భార్య, చనిపోయిన సంతోషమ్మకు వెంకటేశం తమ్ముడు. వికారాబాద్‌లో ఉంటూ ఎనిమిది మందితో డప్పు జట్టు నడుపుతున్నాడు. సభలైనా ఊరేగింపులైనా, ఎవరు పిలిస్తే వాళ్ల ముందు కొడతారు.

సంతోషమ్మ మూడేళ్ల కిందట ఒక మే నెల పొద్దున పది గంటలకు పోయింది. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. కానీ పుట్టింది డప్పుల వాడలో, కాపురానికి వచ్చిందీ నవాబుపేట దగ్గరి డప్పుల వాడకే. మంచం పట్టాక పాస్టర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మొగుడికి చెప్పింది.

"లోపల పాట పాడుర్రి. బాట మీద మాత్రం డప్పు కొట్టాలె. నన్ను సప్పుడు లేకుంట తోలియ్యకుర్రి."

పాస్టర్ సరేనన్నాడు. జంగప్ప మాటిచ్చాడు.

ఆ వాడలో ఒక రివాజు ఉంది. చావు జరిగిన ఇంటివాళ్లు డప్పు ముట్టరు. ఎంత ఉస్తాదయినా తన పెండ్లాం పాడె ముందు తాను కొట్టకూడదు. తోడబుట్టినవాడైనా వెంకటేశంది వేరే ఇల్లు కాబట్టి అతను కొట్టవచ్చు. అతనూ, కొట్టడం వచ్చిన మిగతావాళ్లూ ఆ రోజు పరిగిలో ఒక బట్టల దుకాణం ప్రారంభానికి పోయి ఉన్నారు. ఫోన్ చేస్తే, మూడింటికి రిబ్బన్ కోస్తారు, కాగానే వస్తమన్నాడు. ఆ ఎండకు శవం ఆగేది కాదు. నాలుగింటికి ఎత్తారు. బొందలగడ్డ దాకా కిలోమీటరు దూరం. చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఏడు గంటలకు జట్టు వచ్చింది, మెడల్లో బంతిపూల దండలతో.

ఆ దండలను జంగప్ప మర్చిపోలేదు. బామ్మర్దితో మళ్లీ మాట్లాడలేదు.

తాండూరులో ఒక కాలనీ సంఘం ఏటా కళల పండుగ చేస్తుంది. ఈసారి గెలిచిన జట్టును హైదరాబాద్‌లో పది రోజుల వేడుకకు పంపుతామన్నారు. కిందటేడు వెంకటేశం జట్టు ఫైబర్ డప్పుల మీద సినిమా దరువులు కొడితే, మీలో పెద్దమనిషి లేడా, పాత దరువులు రావా అని సంఘం కార్యదర్శి మహిధర్ మైకులోనే అడిగాడు. అందుకే వెంకటేశం తన భార్య జ్యోతిరాణిని జంగప్ప దగ్గరికి పంపాడు. ఆమె గడప బయటే కూర్చుని, అన్నా, ఈ ఒక్కసారికి రా అని గంటసేపు బతిమాలింది. జంగప్ప ఒకే షరతు పెట్టాడు. మొదటి దెబ్బ తనది.

అంతే చాలు. పెద్దవాడు ఎత్తిన దరువును మిగతావాళ్లు అందుకోవాలి. మధ్యలో ఆపడం కంటే సిగ్గుమాలిన పని వాళ్లలో లేదు. జంగప్ప చావు దరువు ఎత్తదలచుకున్నాడు. ఆ రోజు కొట్టనిది ఈ రోజు కొట్టాలి, అందరూ చూస్తుండగా కొట్టాలి.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. గజ్జెలు కట్టుకున్న ఆడపిల్లలు నాట్యం చేసి దిగారు. ఇద్దరు ఆడవాళ్లు కన్నడ పాట అందుకున్నారు. హాలు వెనక నాపరాళ్ల మీద జట్టు గడ్డి మంట వేసింది. ఈసారి తెచ్చినవి తోలు డప్పులు, కాచకపోతే పలకవు. వెంకటేశం పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏ దరువెత్తుతవు బావా?"

"ఎత్తినంక ఇను."

"మంచిది ఎత్తు. పోరగాండ్లు మస్తు ఆశ వెట్టుకున్నరు."

"మీ అక్కకు గూడ ఆశుండె."

వెంకటేశం డప్పును మంట మీద ఇంకోవైపు తిప్పాడు.

వేదిక మీద జంగప్ప డప్పు కొట్టే కర్ర, సిర్ర ఎత్తి కొట్టాడు. మూడు దెబ్బలు, ఒక విరామం, రెండు దెబ్బలు. జట్టులో చిన్నవాడు ప్రవీణ్ చేతిలో పుల్ల గాలిలోనే ఆగింది. వెంకటేశం బావ ముఖంలోకి చూశాడు. జంగప్ప మూడేళ్లుగా ఎదురుచూసింది ఆ చూపు కోసమే. ఆపుతాడా, కొడతాడా?

వెంకటేశం కొట్టాడు. తల వంచుకుని, ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు.

పాడె ఊరు దాటినప్పుడు ఆ దరువు వేగం అందుకుంటుంది. ఇక్కడా అందుకుంది. జనం లేచారు. గజ్జెల పిల్లలు వరుసల మధ్య గంతులు వేశారు. ఈలలు వేశారు. మహిధర్ చేతిరుమాలు తిప్పుతూ వేదికెక్కి ఆడాడు. అంతవరకు బామ్మర్ది ముఖం తప్ప ఏమీ చూడని జంగప్ప ఇప్పుడు హాలును చూశాడు. వందల ఫోన్లు తన వైపు ఎత్తి ఉన్నాయి. తలుపు దగ్గర ఊడ్చే చంద్రవ్వ ఒక్కతే చీపురు కింద పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని, ఎవరు పోయిన్రు అని పక్కవాళ్లను అడుగుతోంది.

జంగప్పకు ఆపాలనిపించింది. ఆపకూడదు. జట్టుకు వేసిన ముడి తన చేతులకే పడింది. సంఘంవాళ్లు గంట కొట్టేదాకా కొట్టాడు.

మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది. మహిధర్ చెమట తుడుచుకుంటూ, ఇదే దరువు, ఇట్లాగే హైదరాబాద్‌లో పది రోజులు కొట్టాలన్నాడు. దీని పేరేమిటని అడిగాడు.

"గది ఆడేటిది కాదు సార్," అన్నాడు వెంకటేశం. "మా అక్క సావుది. ఇగ కొట్టం. వేరేది అడుగుర్రి."

మహిధర్ నవ్వాడు. "హైదరాబాద్‌ల ఎవరికి తెలుస్తదయ్యా?"

"మాకు తెలుస్తది."

వేరేది పనికిరాదన్నాడు మహిధర్. అట్లయితే రెండో జట్టును పంపుతామన్నాడు. వెంకటేశం తల ఊపాడు. వాళ్లు ఇచ్చిన పత్రంలో అప్పటికే తమకు తోచిన పేరు, 'స్వాగత దరువు' అని రాసి ఉంది. దాన్ని బల్ల మీదే వదిలేశాడు.

స్టేషన్‌లో ప్రవీణ్ ఆగలేకపోయాడు.

"పానం సల్లవడ్డదా పెద్దయ్యా? ఏడాది నేర్సుకున్నం దీనికోసం."

వెంకటేశం వాణ్ని కసిరి, బావ పక్కన నిలబడ్డాడు.

"నాడు కొట్టలేదు. తప్పే. ఇయ్యాల కొట్టినం గద. ఇగనన్న మాట్లాడు బావా."

జంగప్ప పట్టాల వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు రాలేదు, గంతే. నేను దాని సావును తెచ్చి గంతులేసేటోళ్ల ముంగట వెట్టిన. నీ మీద పగతోని వెట్టిన. నీ తప్పు శిన్నదయింది. ఇగ నీతోని ఏం మొఖం వెట్టుకొని మాట్లాడాలె?"

వికారాబాద్ పోయే బండి వచ్చింది. జట్టు ముందు పెట్టె ఎక్కింది. వెంకటేశం తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. జంగప్ప చూశాడు. చూసి, వెనక పెట్టె వైపు నడిచాడు.