ఎడమ పక్క

"అన్నం గింతేనా ఏసినవ్?" అన్నాడు శివరాం.

రత్నాబాయి పల్లెంలోకి చూసింది. కుడి సగం ఊడ్చినట్టు ఖాళీ. ఎడమ సగంలో అన్నం, పప్పు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పల్లెం తిప్పింది.

"ఆఁ, గిప్పుడేసినవ్" అని తిన్నాడు.

పక్షవాతం వచ్చి, ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి చేరినప్పటి నుంచి ఇదే వరస. గడ్డం కూడా ఒక పక్కే గీసుకుంటాడు. కళ్ళకేం కాలేదు. ఆ మధ్యాహ్నం వ్యాయామం చేయించడానికి వచ్చిన సారిక మరాఠీలో విడమరిచి చెప్పింది. చూసేది కళ్ళే అయినా, దేన్ని పట్టించుకోవాలో తేల్చేది మెదడు. మెదడులో కుడి వైపు దెబ్బతింటే, తనకు ఎడమ పక్క ఒకటుందన్న సంగతే మనిషికి తట్టదు.

రత్నాబాయికి ఈ మాట కొత్తగా అనిపించలేదు. వాళ్ళుండే ఖోలీ అంతా ఒక్కటే గది. మంచానికి ఎడమ పక్క పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, గిన్నెలు తోమే మోరి. ఆమె బతుకంతా ఆ పక్కనే. తల బాగున్నప్పుడు మాత్రం ఆయన ఇటు చూశాడా? కూరలో ఉప్పు తగ్గితే తెలిసేది. ఆమె జ్వరంతో బట్టలుతికితే తెలిసేది కాదు. ఒక చెవి కుక్కర్ మీద, ఒక చెవి నల్లా మీద, మనసు అత్త దగ్గు మీద పెట్టి రోజంతా నడిపిస్తే, పాలు పొంగిన ఒక్క పూట, "నీ ధ్యాస ఏడ మేస్తుందే?" అనేవాడు. ధ్యాస పెట్టడం మెదడుకు పెద్ద పని అని సారిక అంటుంటే, ఇన్నేళ్ళ అలుపు ఎక్కడిదో అర్థమైంది. చేతులు ఊరికే ఉన్నప్పుడు కూడా తాను పని చేస్తూనే ఉంది.

సాయంత్రం కొడుకు ప్రతీక్ వచ్చి తండ్రి మంచాన్ని అటు నుంచి ఇటు తిప్పబోయాడు. "మమ్మీ, ఖాట్ ఉల్టా చేద్దాం. నువ్వు కుడి దిక్కుకొస్తవ్. పప్పాకు టెన్షన్ ఉండది."

"చెయ్ బిడ్డా" అంది అత్త రాజవ్వ. "లేకుంటె ఈమె ఆడ కూసుంటది, నా కొడుకు నీళ్ళకు ఒర్లుకుంట ఉండాలె."

అన్నీ కుడి పక్కకే తెచ్చిపెడితే మెదడు ఎడమ పక్కను పూర్తిగా వదిలేస్తుందని సారిక చెప్పి పోయింది. పల్లెం కూడా తిప్పొద్దంది. అటు నుంచే పిలవాలి, తల ఆయనే తిప్పాలి.

"మంచం ఇడువు, ప్రతీక్."

"అరె, నువ్వు కనపడవ్ మమ్మీ!"

"కనపడెదాక చూడనీ."

"మొగడు మంచంల పడ్డంక గొంతు లేశింది దీనికి" అంది రాజవ్వ.

రత్నాబాయి స్టూలు వేసుకుని ఎడమ పక్క కూర్చుంది. "ఇగో, ఇటు" అంది.

శివరాం తలుపు వైపు చూశాడు. టీవీ వైపు చూశాడు. "ఎవరు?"

"ఇటు. ఇంకా ఇటు."

రాజవ్వ లేచి కొడుకు గడ్డం పట్టుకోబోయింది.

"వద్దత్తా. ఆయననే తిప్పుకోనీ."

ఆయన నుదుట చెమట పట్టింది. మెడ మెల్లగా కదిలింది. చూపు గోడ దాటి, పొయ్యి దాటి, ఆమె ముఖం మీదికొచ్చి ఆగింది.

"ఎప్పుడచ్చినవే?" అన్నాడు.

"పెండ్లినాడు" అంది రత్నాబాయి, కూర్చున్న చోటు నుంచి జరగకుండా.