అడుగువైపు చిలక

రాళ్ళగూడెం పెద్ద పున్నయ్య చెంప మీద పడ్డ దెబ్బ బజారంతా వినిపించింది.

"పేట కట్టింది మేమంటావా? కట్టించింది ప్రభువుల తాతగారురా! మీరు కూలోళ్ళు," అన్నాడు దివాణం గుమాస్తా బ్రహ్మానందం.

అతని వెనక బంట్రోతులు రాళ్ళగూడెం గుడిసెల నిట్రాళ్ళు పెరుకుతున్నారు. మర్నాడు సీతాపతిపేట పుట్టినరోజు. కలెక్టరు దొర వస్తున్నాడు. గుడిసెలు తీసేసిన చోట జమీందారు తాత పేరు చెక్కిన స్తంభం నిలబెట్టాలి. అది అప్పటికే బండి మీద సిద్ధంగా ఉంది.

చివరి గుడిసె సాబిరాది. పెళ్ళై నెల తిరగలేదు. వాకిట్లో ఆమె నాటుకున్న బంతి మొక్క బూటు కింద నలిగిపోయింది.

నాపరాయి కొట్టేవాళ్ళకు ఆ పేటలో ఒక ఆనవాయితీ. పలక అడుగువైపు ఎవరి ఇంటి గుర్తు వాళ్ళు చెక్కుకుంటారు. పైవైపు దొరల చెప్పులది. ఆమె భర్త నాగూర్ వలి ఇంటి గుర్తు నెలవంక. పెళ్ళైన వారంలోనే, దివాణం గేటు ముందు పరిచే పలక అడుగున, అతను ఉలి ఆమె చేతికిచ్చి నెలవంక పక్కన చిలకను చెక్కించాడు. ముక్కు వంకర పోయింది. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నారు.

సాయంత్రం గూడెమంతా రాళ్ళ గుంటలో చేరింది.

"పోయి కాళ్ళు పట్టుకుందాం," అన్నాడు దేవదాసు.

"ఇన్నాళ్ళూ పట్టుకుంది ఏందిరా మరి, జుట్టా?" అన్నాడు వలి.

సాబిరా లేచింది. "పేట ఆయన తాతదంట గదా! బజారు రాళ్ళు తిరగేసి చూపిద్దాం, ఎవరిదో."

పరిచిన రాయి పెకలిస్తే వంశం నిలవదని వాళ్ళ నమ్మకం. అందరూ పున్నయ్య వైపు చూశారు. ముసలాయన వాచిన చెంప తడుముకున్నాడు.

"గూడే పీకినాక వంశం యాడ నిలబడుద్దమ్మా? ఒరేయ్ వలీ, గునపం తీయ్."

తెల్లవారేసరికి బజారు పొడుగునా పలకలు లేచి నిలబడ్డాయి. వడ్డెరలు లేపారు, సాయిబులు లేపారు, ఆడవాళ్ళూ లేపారు. చేప, శూలం, త్రాసు, నెలవంక. గుర్తులన్నీ జనం వైపే.

కలెక్టరు కారు రాళ్ళ ముందు ఆగిపోయింది.

"తియ్యండ్రా!" బ్రహ్మానందం అరిచాడు.

"నువ్వే తీసుకో గుమాస్తా! పేట మీదే గదా!" అంది గుంపు.

కలెక్టరు వెంట వచ్చిన ఇన్‌స్పెక్టర్ దివాణం గేటు ముందు పలకను లాఠీతో తట్టాడు. "ఈ వంకరముక్కు చిలక ఎవడిది?"

వలి ముందుకొచ్చాడు. సాబిరా అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది. "ఏందయ్యా, చెక్కింది నేనైతే! ఉలి ఇచ్చినంత మాత్రాన నీదైపోద్దా?"

అంత కోపంలోనూ జనం నవ్వారు. ఆమె పెళ్ళిగాజులు పైకి జరుపుకుని, బేడీలకు చోటిచ్చింది.

పోలీసు వ్యాన్ కదిలింది. వెనక నుంచి ఉలుల చప్పుడు వినిపించింది. సాబిరా తల తిప్పి చూసింది. బండి మీది స్తంభం చుట్టూ గూడెమంతా ఉంది. జమీందారు తాత పేరు మీద పున్నయ్య చిలకను చెక్కుతున్నాడు.

ముక్కు వంకరగానే. ఈసారి పైవైపు.