చివరి పాట మొదట

ముప్ఫై ఏళ్లలో రస్సెల్ ఒక్క కచేరీలోనైనా తలెత్తి జనాన్ని చూసిన పాపాన పోలేదు. గిటార్ చేతిలో ఉన్నంతసేపూ అతని చూపు కాళ్ల దగ్గర వరసగా పేర్చుకున్న, గిటార్ ధ్వనిని మార్చే పెడళ్ల మీదే. సంగీత పత్రికలవాళ్లు దానికి శైలి అని పేరు పెట్టారు. "శైలీ లేదు, పాడూ లేదు. సిగ్గు, అంతే," అని తేల్చేసింది అతని భార్య బెవ్.

ఆ బెవ్‌కి ఇవాళ ఒక పాట వినిపించాలి. రస్సెల్ మనసులో ఉన్న దిగులంతా అదే. ఈ సాయంత్రంతో బ్యాండ్ మూసేస్తున్నారు. సొంత ఊరు హల్‌లో, రేవు పక్కన చెక్క నేల ఉన్న పాత హాల్లో, ఆఖరి కచేరీ. ఇవాళ తప్పితే ఇక లేదు.

గిటారిస్టు పెళ్లాం అతని పాట వినకపోవడమేమిటని విడ్డూరంగా ఉంటుంది. కానీ హాలు బయట వరండాలో మడత బల్ల వేసుకుని టీషర్టులు, రికార్డులు అమ్మేది ఆవిడే. ఎప్పుడో ఒకసారి లీడ్స్‌లో బల్లని ఎవరికో అప్పగించి లోపలికొస్తే, తిరిగి వెళ్లేసరికి రెండు అట్టపెట్టెలు మాయమయ్యాయి. అప్పటినుంచి బల్ల వదిలితే ఒట్టు. ఆ పాటేమో ఎప్పుడూ చివరిదే. చివరి పాట మొదలయ్యేసరికి వెనకనున్న కొందరు అందరికంటే ముందు టీషర్టు కొనుక్కోవాలని బల్ల మీద పడతారు. మూసిన తలుపుల్లోంచి ఆవిడకి వినిపించేది డ్రమ్ముల దడదడ మాత్రమే.

రికార్డు ఉంది కదా అంటారేమో. అసలు తిరకాసు అక్కడే ఉంది.

ఇరవై ఏడేళ్ల కిందట వాళ్లిద్దరూ ఒక చిప్స్ దుకాణం పైన చిన్న వాటాలో ఉండేవాళ్లు. కిందినుంచి పదిహేడు చెక్క మెట్లు. బెవ్ చక్రాల ఇళ్లలాంటి కారవాన్లు తయారయ్యే ఫ్యాక్టరీలో కర్టెన్లు కుట్టి సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చేది. పుట్టుకతోనే తుంటి సరిగ్గా కుదరక ఆమె ఎడమ కాలు రవ్వంత పొట్టి. ఒక అడుగు బరువుగా పడేది, రెండోది తేలిగ్గా, క్షణం ఆలస్యంగా. రస్సెల్ టీకి నీళ్లు పెట్టి, వంటింట్లో గిటార్ ఒళ్లో పెట్టుకుని ఆ అడుగు కోసం చెవులప్పగించి కూర్చునేవాడు. అది వినబడితేనే అతనికి రోజు గడిచినట్టు. ఒక సాయంత్రం వేళ్లు వాటంతటవే ఆ అడుగుని పట్టుకున్నాయి. బ్యాండులో పాడే డామియన్ దానికి తన మాటలు అతికించాడు. తనని ఒక మంగళవారంనాడు వదిలేసి వెళ్లిన అమ్మాయి గురించి. పాట పేరు కూడా 'మంగళవారం' అయింది.

లండన్లో రికార్డు చేసినాయన విని పెదవి విరిచాడు. "ఈ గిటార్ కుంటుతోంది. సరిచెయ్," అన్నాడు. రస్సెల్ సరిచేశాడు. పాట అమ్మకాల్లో దేశం మొత్తం మీద ముప్ఫై ఒకటో స్థానానికి వచ్చి, వారం ఉండి, దిగిపోయింది. ఆ తర్వాత వాళ్లకి అంతకంటే పెద్ద పాట పుట్టలేదు. రస్సెల్ స్కూల్లో బాయిలర్లూ బల్బులూ చూసే ఉద్యోగంలో చేరి, శనివారాలు వాయిస్తూ వచ్చాడు. వేదిక మీద మాత్రం దాన్ని పుట్టినది పుట్టినట్టే వాయించేవాడు. బెవ్ విన్నది రికార్డులోది, కాళ్లు సమంగా ఉన్నది.

చెప్పొచ్చుగా? చెప్పలేకపోయాడు. బళ్లో పిల్లలు తన వెనకాల తన నడకే నడిచి ఏడిపించారని బెవ్ ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇప్పటికీ ఏ హాల్లోనైనా గోడ పక్కనుంచే నడుస్తుంది. లండన్ ఆయన అన్న ఆ మాట రస్సెల్ గొంతులో ముల్లులా దిగబడింది. చెబితే ఆ మాటే నోట్లోంచి వస్తుందేమోనని భయం. వాయిస్తే ఆమెకే తెలుస్తుంది. కానీ ఇంట్లో ఎదురుగా కూర్చుని వాయిస్తే ఎందుకని అడుగుతుంది, మళ్లీ చెప్పాల్సిందే.

నాలుగింటికి సౌండ్ చెక్ అయ్యాక, వేదిక అంచున కూర్చుని చిప్స్ మీద ఎర్ర మసాలా చల్లుకుంటూ అతను డామియన్‌తో మాట కదిపాడు.

"డామ్, 'మంగళవారం' ముందు వాయిద్దాం."

"ముందంటే?"

"మొట్టమొదట."

"తలకేమన్నా తగిలిందా? దానికోసమేరా జనం చివరిదాకా నిలబడేది. మొదటే కానిచ్చేస్తే మిగతా గంటన్నరా బార్ దగ్గర చేరి పాత మ్యాచ్‌లు చెప్పుకుంటారు."

"బెవ్ వినాలి."

"వినకపోవడమేంటి? నాకంటే ఆమెకే బాగా వచ్చుంటుంది."

"వినలేదు. నేను వాయించేది ఒక్కసారి కూడా వినలేదు."

డామియన్ నమలడం ఆపాడు. పదకొండేళ్ల వయసునుంచీ వీణ్ణి ఎరుగును, ఏనాడూ ఏదీ అడగనివాడు. గొంతు తగ్గించి అన్నాడు. "నా సంగతి చూడరా. యాభై మూడొచ్చాయి. ఆరేడు పాటలు పాడి వేడెక్కితేగాని ఆ పైస్థాయి అందట్లేదు. ఆఖరి రోజు, మా అమ్మ ముందర, ఊరందరి ముందర గొంతు జీరపోతే నేనేం కావాలి?"

"సరే," అన్నాడు రస్సెల్. ముప్ఫై ఏళ్లుగా అతను అంటున్నది ఆ మాటే. డామియన్ పాటల వరస లావు పెన్నుతో రాసి పెడళ్ల పక్కన నేలకి అంటించాడు. 'మంగళవారం' అట్టడుగున ఉంది.

వరండాలో బెవ్ టీషర్టులు సైజులవారీగా మడత పెడుతోంది.

"ఏంటలా మొహం వేలాడేసుకొచ్చావు?"

"ఏం లేదు. ఇవాళ్టికి బల్ల ఎవరికైనా అప్పగిస్తే..."

"మళ్లీ మొదలెట్టావా? ఊళ్లో సగంమంది ఎక్స్‌ట్రా లార్జుకి ఎదిగిపోయారు. అవి ఏ పెట్టెలో ఉన్నాయో నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు."

"పోనీ మొదలెట్టగానే తలుపు కాస్త తీసి ఉంచు. అప్పుడు కొనేవాళ్లు ఉండరుగా."

"ఎందుకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అన్నావంటే ఏదో ఉన్నట్టే," అంది బెవ్. ఇంకో టీషర్టు అందుకుంది.

ఎనిమిదింటికి దీపాలు ఆరాయి. హాలు కిటకిటలాడుతోంది. వరసలో మొదటిది జోరైన పాట. డ్రమ్మర్ కర్రలు పైకెత్తాడు. రస్సెల్ కాళ్ల దగ్గరి కాగితం వంక చూశాడు. డామియన్ గొంతు గుర్తొచ్చింది. మెట్లు గుర్తొచ్చాయి. ఏ పెడలూ తొక్కకుండా ఉత్త గిటార్ మీద మొదలెట్టేశాడు. ఒక దెబ్బ బరువుగా. రెండోది తేలిగ్గా, క్షణం ఆలస్యంగా.

జనం ఒక్కసారి గోలపెట్టారు. డ్రమ్మర్ కర్రలు గాల్లోనే ఆగిపోయాయి. గిర్రున తిరిగిన డామియన్ చూపుకి రస్సెల్ భస్మమైపోవాలి. అయినా తలెత్తి అతని కళ్లలోకి చూశాడు, అడ్డంగా తల ఊపాడు. నువ్వు పాడక్కర్లేదు, నేనొక్కణ్ణే అన్నట్టు.

డామియన్ మైకు అందుకున్నాడు.

"కంగారుపడకండి. ఈ పాట చివర్లో మళ్లీ వస్తుంది, అప్పుడు నేను పాడతాను. ఇది మీకోసం కాదు. కాస్సేపు నోరు మూసుకోండి."

నవ్వారు. ఆ తర్వాత నిజంగానే నోరు మూసుకున్నారు.

తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో బెవ్, చేతిలో సగం మడిచిన టీషర్టు. వింటోంది. వింటూ వింటూ తల వంచి తన కాళ్లకేసి చూసుకుంది. రస్సెల్ అది ఓరకంట చూశాడు. నొప్పించానేమో, ఇన్నేళ్లు దాచి ఇవాళ ఇంతమందిలో చెయ్యకూడని పని చేశానేమో అనుకున్నాడు. అయినా ఆపితే ఇంకా ఘోరమని ఆపలేదు.

బెవ్ కదిలింది. గోడవైపు వెళ్లలేదు. హాలు మధ్యలోంచి నడిచింది. ఆమెని బల్ల దగ్గర ఎరిగినవాళ్లే అందరూ, పక్కకి జరిగి దారిచ్చారు. చెక్క నేల మీద ఆమె అడుగులు అందరికీ వినిపించాయి. ఇరవై ఏడేళ్ల కిందటి అడుగులు కావవి, ఇప్పుడు ఇంకా నెమ్మది. గిటార్ రెండుసార్లు ముందుకెళ్లిపోయింది. అప్పుడు రస్సెల్ పెడళ్ల మీంచి చూపు తీసేసి ఆమె కాళ్లనే చూస్తూ వాయించాడు. అడుగు పడేదాకా ఆగి, పడ్డాక తీగ మీటాడు.

ఆమె వచ్చి వేదిక అంచు మీద రెండు చేతులూ ఆనించింది. అతను చివరి తీగ మీటి ఆపాడు. ఇద్దరి కళ్లూ తడిగానే ఉన్నాయి.

"అంత నిదానంగా నడుస్తానా నేను?" అంది.

"ఇప్పుడు. అప్పట్లో ఇంకాస్త త్వరగా వచ్చేదానివి."

బెవ్ చేతిలోని టీషర్టుతో ముక్కు తుడుచుకుంది. ఒకసారి వెనక్కి, తెరిచున్న తలుపుకేసి చూసింది.

"బల్ల దగ్గర ఎవరూ లేరు," అంది, కదలకుండా. "పోతే పోనీ. రెండోది వాయించు."