మోటారుకి అత్తగారి వైద్యం

పదిహేను రోజులుగా పడవాయనకి తన పడవ మోటారు పట్టపగలే చుక్కలు చూపిస్తోంది. పొద్దున్నే ట్యాంకు నింపి తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంటుంది. అవతలి రేవు దాకా బుద్ధిగా పరిగెడుతుంది. తీరా అక్కడ ఆపి, జనాన్ని దించి మళ్ళీ లాగబోతే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. ఇరవైసార్లు లాగినా అంతే, ముప్ఫైసార్లు లాగినా అంతే. విసుగెత్తి, ఇంతకీ పెట్రోలు ఉందా లేదా అని ట్యాంకు మూత తీసి చూసి, మళ్ళీ బిగించి వచ్చి లాగితే మాత్రం ఒక్కోసారి ఠక్కున పలికేది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు.

షెడ్డులో మెకానిక్కు ప్లగ్గు మార్చాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. విప్పి బిగించిన ప్రతిసారీ అది మెకానిక్కు ముందు పెళ్ళికూతురిలా తల వంచుకుని స్టార్టయింది.

"మోటారు బంగారంలా ఉంది. నీ చేతిలోనే ఏదో దోషముంది," అన్నాడు మెకానిక్కు.

చేసేది లేక పడవాయన మోటారు ఆపడమే మానేశాడు. రేవులో పడవని తాడుతో కట్టి, మోటారుని సన్నగా గురగురమనిపిస్తూనే జనాన్ని ఎక్కించి దించుతున్నాడు. పనైతే గడుస్తోంది గానీ, ప్రాణం మాత్రం గుప్పిట్లోనే ఉంటోంది.

ఆ రోజు పడవలో పెళ్ళి బ్యాండువాళ్ళు ఐదుగురు ఎక్కారు. బాకాలు, సన్నాయిలు, మెరిసే అంచుల ఎర్రకోట్లు. నది మధ్యలో ఉన్న లంక దగ్గర పెద్ద డోలు వాయించేవాణ్ణి ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి చేరాలి, పదకొండింటికి ఊరేగింపు. వాళ్ళతో పాటు పడవాయన అత్తగారు కూడా బయల్దేరింది, అవతలి ఒడ్డున ఉన్న పాత స్నేహితురాలిని చూడటానికి.

అత్తగారు ముప్ఫై ఏళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కూతురి దగ్గర నెల రోజులు ఉందామని వచ్చి సగం నెల అయింది. ఆవిడ మనసు బాగున్నప్పుడు అల్లుణ్ణి "బాబూ, నువ్వు" అంటుంది. మనసు బాగోలేకపోతే "అల్లుడుగారూ, మీరు" అంటుంది. మర్యాద పెరిగిందంటే ఇంట్లో అందరూ జాగ్రత్తపడతారు. కూతుర్ని కాంపౌండరుకి ఇద్దామనుకున్నానని పెళ్ళైన కొత్తలో ఆవిడ అన్న మాట పడవాయన చెవిలో పన్నెండేళ్ళుగా అలాగే ఉండిపోయింది. అందుకే ఆవిడ ముందు ఏ పనీ తప్పు పోకూడదని ఆయన తాపత్రయం.

లంక రేవులో డోలువాడు తనకంటే పెద్ద డోలు పట్టుకుని నిలబడ్డాడు.

"ముందు మోటారు ఆపండి అల్లుడుగారూ," అంది అత్తగారు. "మనిషి ఎక్కేటప్పుడు ఆ రెక్కలు తిరగకూడదు. కోసుకుపోయిన కాళ్ళకి కట్లు కట్టినదాన్ని నేను."

మర్యాద మొదలైంది. ఆపితే మళ్ళీ పలకదని పడవాయనకి తెలుసు. అయినా ఆపాడు. డోలు ఎక్కింది, డోలువాడు ఎక్కాడు. కట్టు విప్పి తెడ్డుతో ఒడ్డుని నెట్టి, దేవుడి మీద భారం వేసి తాడు లాగాడు.

మోటారు పలకలేదు.

పది లాగులయ్యాయి. ప్రవాహం పడవని మెల్లగా పక్కకి తీసుకుపోసాగింది. ఇరవై అయ్యేసరికి పడవాయన చొక్కా పిండితే నీళ్ళు కారేలా తడిసింది. కాస్త దూరంలో వలలు కట్టిన గుంజలు కనిపించాయి. అందులో చిక్కుకుంటే ఇక సాయంత్రం దాకా అక్కడే కాపురం. ఆయన లంగరు తీసి నీళ్ళలోకి జారవిడిచాడు. పడవ ఒక్క కుదుపుతో నిలబడింది.

"ఏమయ్యా, మేము వెళ్ళేసరికి పెళ్ళికొడుక్కి పిల్లలు పుట్టేలా ఉన్నారు," అన్నాడు బ్యాండు మేస్త్రి.

"నన్నేం చేయమంటావు చెప్పు. ఉన్న బలమంతా లాగుతూనే ఉన్నాను," అన్నాడు పడవాయన రొప్పుతూ.

అత్తగారు సంచీ పక్కన పెట్టి, కొంగు బిగించి, డోలు దాటుకుంటూ వెనక్కి వచ్చింది. రోగి మంచం దగ్గరికి వచ్చినట్టే వచ్చింది. ముందు ముక్కు ఎగబీల్చింది.

"ఇన్నిసార్లు లాగారు. పెట్రోలు వాసన రావాలి కదా. రావట్లేదేం?"

పడవాయన ఆగాడు. నిజమే. ఇన్ని లాగులకి పెట్రోలు మోటారులోకి చేరి ఉంటే ఈపాటికి పడవంతా గుప్పుమనాలి.

"ట్యాంకు నిండుగానే ఉందత్తయ్యా."

"ఉంటే సరిపోదు, దిగాలి." ఆవిడ ట్యాంకుకీ మోటారుకీ మధ్య గొట్టంలో ఉన్న రబ్బరు బుడ్డిని పట్టుకుంది. బీపీ చూసే పరికరానికి ఉండే బుడ్డి లాంటిదే, పెట్రోలు ఎక్కించడానికి నొక్కేది. "ఇది గట్టిగా ఉండాలా, మెత్తగా ఉండాలా?"

"నిండితే గట్టిగా ఉంటుంది."

"చప్పిడిగా అతుక్కుపోయి ఉంది, చూడండి." తర్వాత ట్యాంకు మీద చేయి వేసింది. ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు రెండు పక్కలా, పళ్ళూడిన ముసలాయన బుగ్గల్లా, లోపలికి పీక్కుపోయి ఉంది. ఆవిడ ముఖం విప్పారింది.

"అదీ సంగతి. మా రోజుల్లో సెలైను గాజు సీసాల్లో వచ్చేది. సీసాకి గాలి సూది గుచ్చకపోతే నాలుగు చుక్కలు దిగి ఆగిపోయేది. కొత్త పిల్లలు మర్చిపోయి, నరం దొరకలేదని రోగి చేతులన్నీ పొడిచేవాళ్ళు. దీనికి గాలి ఎక్కణ్ణుంచి వెళుతుంది?"

పడవాయన చూపు ట్యాంకు మూత మీదికి పోయింది. మూత నడుమ చిన్న మర ఉంది. గాలి లోపలికి పోవడానికి దాన్ని వదులు చేసి ఉంచాలి. అది బిర్రుగా బిగించి ఉంది. దాన్ని బిగించిన చేయి ఎవరిదో ఆయనకి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

మర వదులుగా తిప్పాడు. ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చుకుంది. బుగ్గలు రెండూ టప్‌మని యథాస్థానానికి వచ్చాయి. బ్యాండువాళ్ళు గుమిగూడి చూశారు.

"అదేదో మునిగి తేలినవాడిలా పీల్చుకుందే," అన్నాడు డోలువాడు.

బుడ్డిని నాలుగుసార్లు నొక్కితే గట్టిపడింది. మొదటి లాగుకి మోటారు దగ్గింది. రెండో లాగుకి అందుకుంది. బ్యాండువాళ్ళు ఆరుగురూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. జోరుగా తిరుగుతున్నంతసేపు మోటారు ఎలాగో బలవంతాన పెట్రోలు పీల్చుకుంటోందనీ, ఆపాక చేత్తో లాగే తిప్పుకి అంత సత్తువ లేదనీ పడవాయనకి ఇప్పుడు అర్థమైంది. మూత తీసి చూసినప్పుడల్లా ఎందుకు పలికిందో కూడా తెలిసింది.

లంగరు పైకి లాగుతుంటే అత్తగారు అడిగింది. "ఆ మర ఎవరు బిగించారు?"

"నేనే."

"తెలిసి తెలిసి ఎందుకు బిగించారు?"

పడవాయన తాడు చుట్టుకుంటూ ఉండిపోయాడు. మేస్త్రి ఊరుకోలేదు. "చెప్పవయ్యా, పెద్దావిడ అడుగుతుంటే."

"మీరు వచ్చిన రోజున ఇదే పడవలో వచ్చారు కదత్తయ్యా. పెట్రోలు వాసనకి తల తిరుగుతోందన్నారు. వాసన రాకుండా బిగించాను. తర్వాత వదులు చేయడం మర్చేపోయాను."

 అత్తగారి భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని పడవాయన కంగారుపడ్డాడు. ఆవిడ నవ్వుతోంది. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నా తల తిరుగుతుందని మోటారు గొంతు పిసికావా బాబూ? ఒక్క మాట చెబితే ముక్కుకి గుడ్డ కట్టుకునేదాన్ని కదా. పదిహేను రోజులు భుజం పడిపోయేలా లాగుతూ, నా మీద ఎంత విసుక్కున్నావో."

"మీ మీద ఎందుకు విసుక్కుంటాను? మెకానిక్కు మీద విసుక్కున్నాను."

"ఆ కాంపౌండరు సంగతి నీకు తెలుసా?" అంది ఆవిడ ఉన్నట్టుండి. "మందు సీసాల మీద చీటీలు తారుమారు చేసి, ఏడాది తిరక్కుండానే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చెబుదామనే అనుకున్నాను. ఒప్పుకోవడానికి నాకే నామోషీ అయింది."

 పడవాయన మోటారు జోరు కాస్త పెంచాడు.

ఊరేగింపుకి పావుగంట ఆలస్యమైంది. రేవులో పెళ్ళివాళ్ళు చేతులు నడుముకి ఆనించి నిలబడి కనిపించగానే మేస్త్రి పడవలోనే వాయిద్యం ఎత్తించాడు. తిట్టడానికి వచ్చినవాళ్ళు నీళ్ళ మీద తేలుతూ వస్తున్న పాట విని తిట్లు మర్చిపోయారు. పిల్లలు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి ఎదురొచ్చారు. డోలువాడు వాయిస్తూనే దిగబోయి, మొలలోతు నీళ్ళలో పడి, డోలు మాత్రం నెత్తి మీద నిలబెట్టుకున్నాడు.

సాయంత్రం స్నేహితురాలి ఇంటి నుంచి అత్తగారు తిరిగి వచ్చేసరికి పడవాయన మోటారు ఆపి, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"నన్ను ఒకసారి లాగనివ్వు," అంది ఆవిడ.

మూడో లాగుకి మోటారు పలికింది. పిడి కూడా ఆవిడే పట్టుకుంది. ఎటు తిప్పితే ఎటు పోతుందో చెప్పి పడవాయన ముందుకి వెళ్ళి కూర్చున్నాడు. పన్నెండేళ్ళలో తన పడవలో ముందు కూర్చోవడం ఇదే మొదటిసారి. నీటి తుంపర ముఖాన పడుతుంటే చల్లగా ఉంది.

"కాస్త ఎడమకి అత్తయ్యా, కుడివైపు ఇసుక మేట ఉంది."

"చూస్తున్నాను. నువ్వు కూర్చో."