లోపల ఎవరో ఉన్నారు

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆశాజ్యోతికి మొదటిసారి సొంత గది ఇచ్చారు. భీమవరంలో ఆవిడ లెక్కలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పాత స్టాఫ్ రూము తీసేసి, సీనియర్లందరికీ మసక అద్దాల తలుపులతో ఏసీ గదులు కట్టించారు. తలుపు మీద తన పేరు చూసుకుని ఆవిడ మురిసిపోయింది. ఆ మురిపెం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

పాత స్టాఫ్ రూములో ఆవిడ కుర్చీ వరండా కిటికీ పక్కన ఉండేది. పిల్లలు అటుగా పోతూ ఊచల్లోంచి నోట్సు చాపి, "మేడమ్, ఈ స్టెప్పు ఎలా వచ్చిందండి?" అనేవారు. అన్నం కలుపుతూనే ఎన్ని లెక్కలు చెప్పిందో! విసుక్కునేది కూడా. ఇంటి దగ్గర తిన్నావా అని అడిగే దిక్కు లేని మనిషికి ఆ విసుగే చుట్టరికం.

కొత్త గదిలోకి వచ్చి నాలుగు నెలలైనా ఒక్కరూ తలుపు తట్టలేదు. ఏసీ చప్పుడు వింటూ క్యారేజీ విప్పుకుని ఒక్కతే తినేది. ఇప్పటి పిల్లలకు ఫోనుంటే చాలు, మనమెందుకని సర్దిచెప్పుకుంది గాని మనసు ఒప్పుకోలేదు. పాలకొల్లు నుంచి బస్సులో వచ్చే సాయిదుర్గ క్లాసులో అరవైమంది ముందు నోరు విప్పదు. కిటికీ దగ్గరైతే వదిలేది కాదు. ఆ పిల్లా రాలేదు. చివరికి లెక్కల్లో తప్పింది.

ఆశాజ్యోతి మెట్ల దగ్గర ఆపి నిలదీసింది.

"డౌట్లుంటే నా దగ్గరికి రావడానికి ఏమైందే నీకు?"

"చాలాసార్లు వచ్చానండి మేడమ్. ఎప్పుడు చూసినా లోపల ఎవరో ఉన్నారండి."

"ఎవరుంటారే? నేనొక్కదాన్నే కదా!"

"గుమ్మం బయట చెప్పులుంటాయి కదండి. ఎవరో పెద్దవాళ్లు వచ్చారేమోనని కాసేపు నిలబడి, బస్సు టైమైపోతే వెళ్లిపోయేదాన్నండి. మా వాళ్లందరూ అంతేనండి."

ఆశాజ్యోతి తన కాళ్లకేసి చూసుకుంది. ఆ చెప్పులు తనవే. కొత్త టైల్సు మాసిపోతాయని ఇంట్లోలాగే గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లేది. తన గదిలోకి తానే చెప్పులు విడిచి వెళ్లే మేడమ్ ఉంటుందని ఏ పిల్ల అనుకుంటుంది? నా తెలివి తెల్లారినట్టే ఉందని తిట్టుకుంది. ఏడుపు కూడా వచ్చింది.

"పోనీలే, ఇక్కడే కూర్చుందాం. ఏమేం డౌట్లో తియ్యి" అంటూ మెట్టు మీద చతికిలబడింది.

సాయిదుర్గ నోట్సు తీసి పేజీలు తిప్పింది. బోర్డు మీది లెక్కలన్నీ పొల్లుపోకుండా దించి ఉన్నాయి.

"ఇప్పుడేం లేవండి మేడమ్" అంది మెల్లిగా. "అర్థం కాకపోయినా రాసేసుకోవడం అలవాటైపోయిందండి."