శ్రావణంలో వెల్లుల్లి వాసన

ముసురు పట్టి విడవడం లేదు. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచికి బండ మూసి, దాని మీద పట్టా కప్పాను. ఆ కంత మూస్తే మా ఇల్లు పగలే చీకటి.

ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కున్న ఇల్లు మాది. శ్రావణమాసమంతా మాంసం సంగతి అటుంచి, వెల్లుల్లి కూడా గడప దాటి రాదు. నెల మొదలవుతూనే మా అమ్మ చౌడమ్మ ఉన్న గడ్డలన్నీ ఏరి, ఎదురింటి లక్ష్మక్కకు ఇచ్చేస్తుంది.

అలాంటిది ఆ పొద్దున బర్రెకు గడ్డి వేసి లోపలికి వస్తూ అమ్మ గడపలోనే ఆగిపోయింది.

"ఏమే మల్లేశ్వరీ, తెల్లగడ్డ ఏసినావా?"

నా భార్య పొయ్యి దగ్గర రొట్టె తడుతోంది. "లేదత్తా. యాడుంది ఇంట్లో?"

"మరి ఈ వాసనేంది? ముక్కు పగిలిపోతాంది."

"నాకేమీ రాలేదత్తా."

అక్కడే చెడింది. వేయలేదని ఊరుకుంటే అమ్మ నమ్మేదేమో. వాసనే రాలేదనేసరికి అబద్ధమని గట్టిపడిపోయింది. కుండల మూతలు తీసి చూసింది, కారం డబ్బా వాసన చూసింది, చివరికి కోడలి చేతులు కూడా వాసన చూసింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా ఎక్కువైంది.

నేను చేలో నిలిచిన వాన నీళ్లకు కాలువ తీసి ఇంటికొచ్చాను. చెప్పులు విడవకముందే వాసన కొట్టింది. వెల్లుల్లే. దాని వెనక ఏదో కుళ్లినట్టు కూడా ఉంది.

"సెప్పు నాగన్నా, వస్తాందా లేదా?" అంది అమ్మ.

"వస్తాంది."

మల్లేశ్వరి నా వైపు ఒక చూపు చూసి తల తిప్పుకుంది. నేను కూర్చుని రొట్టె తిన్నాను. చేయి కడుక్కుని మళ్లీ గాలి పీల్చి చూస్తే ఏమీ లేదు.

"ఇప్పుడు రాలేదు," అన్నాను.

"పెండ్లాం సూస్తానే పోయిందా వాసన?" అంది అమ్మ.

నాకు మాట తక్కువ. లేచి బయటికి పోయి, కొట్టం కింద కాసేపు నిలబడి వచ్చాను. గడపలో వాసన ఉంది. మంచం మీద కూర్చున్నాను. కాసేపటికి లేదు. మళ్లీ పోయి, మళ్లీ వచ్చాను. ఎదురింటి లక్ష్మక్క అరుగు మీద నుంచి చూస్తూనే ఉంది.

"ఏమప్పా నాగన్నా, గడప కొలుస్తాండావా?"

"నువ్వొచ్చి సూడక్కా ఒకసారి."

ఆమె కొంగు నెత్తిన వేసుకుని పరుగున వచ్చింది. ముక్కు ఎగబీల్చింది. "తెల్లగడ్డ కాదప్పా ఇది. ఎండుచేపలు."

అమ్మ నెత్తి మీద చేయి పెట్టుకుంది. "అయ్యో సామీ, చేపలు కూడానా!"

అప్పుడే మల్లేశ్వరి దొడ్లోకి పరిగెత్తి కక్కుకుంది. రాత్రి నుంచే తలనొప్పి, గొంతులో మంట అని చెప్పింది. ఈరన్నస్వామి తన మహిమ చూపించాడంది అమ్మ. లక్ష్మక్క నవ్వింది.

"సామి కాదు చౌడక్కా. మనవడేమో సూడు!"

అమ్మ మొహం మారిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లకు విన్న మాట. పొద్దుటి నుంచి తిట్టిన నోటితోనే "రామ్మా, రా" అంటూ కోడలిని లోపలి గదిలో పడుకోబెట్టి, కంబళి కప్పి, ఈదురుగాలి తగలకూడదని తలుపు దగ్గరగా వేసింది.

నేను లోపలికి పోయాను. మల్లేశ్వరి కళ్లు తెరవకుండానే అంది: "అది కాదు. నాకు తెలీదా? ఎద పట్టేసినట్టుంది."

ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. అమ్మది అబద్ధం కాదు, నేనూ వాసన చూశాను. ఈమెదీ అబద్ధంలా లేదు.

అమ్మ అప్పటికే స్వామి పటం ముందు బెల్లం ముక్క పెట్టి దండం పెట్టుకుంటోంది. ముసురుకు బెల్లం కరిగి జిగురు కారుతోంది. దానినే చూస్తూ నిలబడ్డాను. ఏదో తక్కువైనట్టుంది, ఏమిటో తట్టడం లేదు.

ఈగలు లేవు.

బయట బర్రె తోక ఆడించలేక అలసిపోతోంది, అన్ని ఈగలు. ఇంట్లో బెల్లం మీద ఒక్కటీ లేదు. సెల్లు లైటు వేసుకుని వెతికాను. లోపలి గదిలో, మల్లేశ్వరి తల వైపు గోడ మొదట్లో, చచ్చిన ఈగలు నల్ల జీలకర్ర చల్లినట్టు పడి ఉన్నాయి. వాటి మధ్య ఒక బల్లి, వెల్లకిలా.

ఆ గోడ అవతల మా తమ్ముడు మారుతి గది. ఆస్తి పాలు పంచుకున్నప్పుడు ఇంటి నడుమ లేపిన గోడ అది. దూలాల దాకా ఎక్కలేదు, పైన చేయి పట్టేంత సందు. ధర వచ్చేదాకా శనగలు ఆ గదిలో వేసి, తాళం పెట్టి, ఉరుకుందకు నడిచిపోయాడు.

ఫోన్ చేశాను. అవతల డోళ్ల మోత.

"రేయ్ మారుతీ, శనగల్లో ఏమన్నా పెట్టినావా?"

"పురుగు పడింటే మందు గోలీలు పెట్టినాన్నా. పట్ట కప్పినా. తాళమేసినా. ఎవురూ ముట్టరులే."

"శనగలకు కప్పినావు. మాకేం కప్పినావురా?"

వాడికి అర్థం కాలేదు. చెప్పే తీరిక నాకు లేదు. మల్లేశ్వరిని కంబళితో సహా ఎత్తుకున్నాను. అమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"వానలోకా! కడుపుతో ఉండేదాన్నా!"

"నువ్వూ రామ్మా బయటికి. వాసన వస్తాందా ఇప్పుడు?"

ముక్కు ఎగబీల్చింది. "లేదు. పోయింది."

"పోలేదమ్మా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

మా ఊరి దేవేంద్ర ఆటోలో ఆదోనికి చేరాం. లక్ష్మక్క కూడా ఎక్కింది. ఆసుపత్రిలో మల్లేశ్వరి మూతికి ఆక్సిజన్ పెట్టారు. ఏం వాసన వచ్చిందని డాక్టరమ్మ అందరినీ అడిగింది. అమ్మ వెల్లుల్లి అంది. లక్ష్మక్క ఎండుచేపలు అంది. నేను రెండూ అన్నాను. మల్లేశ్వరి అడ్డంగా తల ఊపింది.

"ఎవరిదీ అబద్ధం కాదు," అంది డాక్టరమ్మ. "ఆ గోలీల నుంచి వచ్చే గ్యాస్ ఒకరికి అలా, ఒకరికి ఇలా తెలుస్తుంది. అందులోనే కూర్చుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు."

"మరి కడుపు?" అంది అమ్మ.

"కాదమ్మా."

అమ్మ బెంచీ మీద కూలబడింది. కోడలి తప్పూ లేదు, మనవడూ లేడు. దేనికని ఏడవాలో తెలియనట్టు కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

మల్లేశ్వరి తేరుకుంది. మేము ఇంటికి పోకుండా లక్ష్మక్క అరుగు మీదే ఉన్నాం. మారుతి ఉరుకుంద నుంచి వచ్చి, మందు సంగతి తెలిసినవాళ్లను తెచ్చి గది తెరిపించాడు, వాళ్లు శనగల్లో మిగిలిన గోలీల పొడి అంతా తీసుకుపోయారు. వాన వెలిసింది. గవాచి మీద బండ తీసి, తలుపులన్నీ బార్లా పెట్టి వదిలేశాం. ఇక లోపలికి పోవచ్చని వాళ్లు చెప్పినా మల్లేశ్వరి గడప తొక్కలేదు.

అమ్మ లోపలికి పోయింది. పీల్చింది. బయటికొచ్చి, మళ్లీ పోయింది.

"ఏమన్నా వస్తాందామ్మా?" అన్నాను.

"ఏమీ రాలేదు." అని ఆగింది. "ఏమీ రాలేదంటే ఉన్నట్టా, లేనట్టా?"

అమ్మ బెల్లం ముక్క తెచ్చి లోపలి గది గోడ మొదట్లో పెట్టింది. తిరిగి వచ్చి గడప బయట కోడలి పక్కన కూర్చుంది.

"నీ కండ్లు మంచివి. సూసి సెప్పే," అంది.

ఇద్దరూ లోపలికే చూస్తున్నారు. కొట్టం వైపు నుంచి ఒక ఈగ వచ్చింది. అమ్మ అలవాటుగా చేయి ఎత్తింది. మల్లేశ్వరి ఆ చేయి పట్టుకుంది.

"తోలొద్దత్తా. పోనీ లోపలికి."